గొంతు వణుకుతూనే నిలబడే అమ్మాయి: అనిమే కథలో సిగ్గరి సహనాయికను మలిచే సమగ్ర మార్గదర్శి

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ కథలు, చూసేవాళ్లందరికీ ఈ అమ్మాయి తెలుసు. గుంపులో చివర నిలబడుతుంది. హీరో పేరు పెట్టి పిలిస్తే ముఖం ఎర్రబడుతుంది, మాట తడబడుతుంది, చూపు నేలకు దిగిపోతుంది. జపాన్ అభిమానులు ఈ తరహా పాత్రలకు దాందెరె అని పేరు కూడా పెట్టుకున్నారు. కథలు రాయడం మొదలుపెట్టిన చాలామంది ఇలాంటి అమ్మాయిని ఒకరిని తప్పకుండా పెడతారు. మొదటి ఎపిసోడ్‌లో నత్తి, చివరి ఎపిసోడ్‌లో గట్టిగా ఒక డైలాగ్. మధ్యలో ఏం జరిగిందంటే జవాబు ఉండదు.

నేను చాలాకాలంగా ఈ రకం పాత్రల మీదే మనసు పెట్టి చూస్తున్నాను, రాస్తున్నాను. నాకు అర్థమైంది ఒకటే. సిగ్గు తగ్గిపోవడాన్ని ఎదుగుదల అనుకుంటే పాత్ర పాడవుతుంది. సిగ్గు ఉండగానే ఆమె చేసే పనులు పెద్దవవుతూ రావాలి. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

ఉదాహరణకు హినాటా హ్యూగాను తీసుకుంటున్నాను. మసాషి కిషిమోటో గీసిన మాంగా (జపాన్ కామిక్) ‘నరుటో’ 1999 నుంచి 2014 దాకా వీక్లీ షోనెన్ జంప్‌లో 700 అధ్యాయాలుగా వచ్చింది. అనిమే 2002లో మొదలై, రెండో భాగం షిప్పూడెన్‌తో కలిపి 2017 దాకా నడిచింది. రెండూ కలిపితే 720 ఎపిసోడ్‌లు. నరుటో అనే నింజా కుర్రాడు హీరోగా నడిచే అంత పెద్ద కథలో హినాటా ఒక పక్కపాత్ర. అయినా ఆమె కనిపించే కాసిన్ని నిమిషాలు ఎంతోమందికి గుర్తుండిపోయాయి. ఎందుకు గుర్తుండిపోయాయో చూస్తూ, ఆ పద్ధతిని మన కథకు ఎలా వాడుకోవాలో చూద్దాం. ఎక్కడ దెబ్బతిన్నదో కూడా చూద్దాం, అక్కడ నేర్చుకునేది ఇంకా ఎక్కువ.

1. ముందు ఆమె సిగ్గుకు సరైన పేరు పెట్టండి

‘ఆమె చాలా షై’ అని రాసుకుని మొదలుపెడితే ఇబ్బందే. తెలుగులో ఈ ఒక్క భావానికే ఎన్ని మాటలున్నాయో చూడండి. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయనిపిస్తే సిగ్గు. కొత్తవాళ్ల ముందు నోరు పెగలకపోతే బిడియం. కాదంటే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని ఒప్పేసుకుంటే మొహమాటం. ఏం జరుగుతుందోనని ముందే ఊహించుకుని వెనకాడితే బెరుకు. పెద్దవాళ్ల ముందు, బలమున్నవాళ్ల ముందు మాట మింగేస్తే జంకు. ఇవన్నీ ఒకటి కాదు. ఒక్కోదానికి ఒక్కో రకం సన్నివేశం కావాలి.

హినాటా విషయంలో ఇవి మనిషిని బట్టి మారతాయి. తండ్రి హియాషీ ముందు ఆమెది జంకు. నరుటో ముందు సిగ్గు. జట్టులోని కిబా, షినోల దగ్గర మొహమాటం. పై స్థాయి నింజా కావడానికి రాసే చూనిన్ పరీక్షకు ముగ్గురూ కలిసి పేరిస్తేనే అవకాశం కాబట్టి, వాళ్ల మాట కాదనలేక వచ్చావని చిన్నాన్న కొడుకు నేజీ ఆమెను ముఖం మీదే దెప్పుతాడు. ఆ మాట ఆమెకు తగలడానికి కారణం అందులో కొంత నిజం ఉండటమే.

ఇంకో రకం చూడాలంటే వాలీబాల్ కథ ‘హైక్యూ’లో యాచి ఉంది. ఆ అమ్మాయిది పూర్తిగా బెరుకు. జరగని ప్రమాదాలన్నీ తలలో సినిమాలా నడిపించుకుని ముందే భయపడిపోతుంది. అందుకే ఆమె సన్నివేశాలు నవ్వు పుట్టిస్తాయి. హినాటావి అలా ఉండవు. ఇద్దరినీ ‘సిగ్గరి అమ్మాయి’ అనే ఒకే డబ్బాలో వేసి రాస్తే ఇద్దరూ చెడిపోతారు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీ నాయిక రోజూ కలిసే నలుగురి పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన పై మాటల్లో ఒకటి రాయండి. నాలుగు చోట్లా ఒకే మాట పడితే పాత్ర ఇంకా తయారు కాలేదని అర్థం. ఒక్కరి దగ్గరైనా ఆమె సిగ్గు లేకుండా ఉండాలి. చెల్లెలో, అమ్మమ్మో, పెంపుడు పిల్లో, ఎవరైనా సరే. ఆ ఒక్క చోట ఆమె అసలు గొంతు పాఠకుడికి వినిపించాలి.

2. కారణాన్ని ఇంట్లో వెతకండి, కానీ చిన్నగా చూపించండి

హినాటా పుట్టింది హ్యూగా వంశపు ప్రధాన శాఖలో. పెద్ద కూతురు, వారసురాలు. ఆమె తండ్రి హియాషీ, నేజీ తండ్రి హిజాషీ కవలలు. ముందు పుట్టినందుకు హియాషీ ప్రధాన శాఖ, తర్వాత పుట్టినందుకు హిజాషీ ఉపశాఖ. ఉపశాఖవాళ్ల నుదుటి మీద ఒక ముద్ర వేస్తారు, ప్రధాన శాఖవాళ్లు తలుచుకుంటే ఆ ముద్రతో ప్రాణం తీయగలరు. హినాటాకు 3 ఏళ్లప్పుడు వేరే రాజ్యపు నింజా ఒకడు ఆమెను ఎత్తుకెళ్లబోతే హియాషీ వాణ్ని చంపేస్తాడు. ఆ గొడవ చివరికి హిజాషీ ప్రాణంతో తీరుతుంది. అంటే ఈ పిల్ల చేసిన తప్పేమీ లేకుండానే, ఈమె కారణంగా చిన్నాన్న చనిపోయాడు. ఆయన కొడుకు నేజీ ఈమెను చూసే చూపులో అదంతా ఉంటుంది.

ఇంత బరువైన గతం ఉంది. అయినా హినాటా సిగ్గును వివరించడానికి కథకుడు వాడుకున్న సన్నివేశం చాలా చిన్నది. హియాషీ చిన్న కూతురు హనాబీకి సాధన చేయిస్తుంటాడు. గురువు కురెనాయ్ వచ్చి హినాటా సంగతి అడుగుతుంది. ఐదేళ్లు చిన్నదైన చెల్లెలి పాటి కూడా చేయని పిల్ల హ్యూగాకు అక్కర్లేదు, మీ ఇష్టం అన్నట్టు చెప్పేస్తాడు. అరుపు లేదు, దెబ్బ లేదు. మన ఇళ్లలో ‘దాన్ని చూసి నేర్చుకో’ అన్న మాట విన్న ఎవరికైనా ఆ సన్నివేశం విడమరచి చెప్పక్కర్లేదు.

మీరు రాసేటప్పుడూ గతాన్ని పెద్దగా కట్టుకోండి, చూపేది మాత్రం ఒక్క నిమిషమే చూపండి. ఏడుపు సంగీతంతో ఐదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెడితే ప్రేక్షకుడు ఆమె మీద జాలిపడతాడు. జాలి పుట్టిన చోట ఆసక్తి నిలవదు.

3. ఆమె ఏం చూస్తుందో తేల్చుకోండి

మాట్లాడని మనిషి గమనిస్తుంది. సిగ్గరి పాత్రకు ఉన్న అసలైన బలం ఇదే, చాలా కథలు దీన్ని వాడుకోకుండా వదిలేస్తాయి.

హ్యూగా వంశానికి బ్యాకుగాన్ అనే కళ్లు ఉంటాయి. దాదాపు చుట్టూ అన్ని వైపులా, గోడల అవతల కూడా చూడగలవు. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేని అమ్మాయిని అలాంటి కళ్లున్న వంశంలో పుట్టించడం నాకు ఈ పాత్రలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన. ఊరంతా నరుటోను వెలివేసినట్టు చూసే రోజుల్లో హినాటా అతన్ని నిజంగా చూసింది. పడటం, లేవడం, మళ్లీ పడటం. అందుకే నేజీతో నరుటో తలపడే రోజున, సాధన మైదానంలో అతనితో ఆమె చెప్పే మాటలకు బరువు వస్తుంది. నువ్వు ఓడిపోయినా తలెత్తుకుని ఓడిపోయేవాడివి, తప్పులు చేస్తూనే లేచి ఎదురెళ్లే బలం నీలో చూశాను అంటుంది. మనసు కుంగి ఉన్న నరుటో ఆ మాటతో తేరుకుంటాడు. నిన్ను దిగులుగా, ఎవరి కంటా పడకుండా ఉండే వింత పిల్లవనుకున్నాను గానీ నీలాంటివాళ్లు నాకు నచ్చుతారు అని చెప్పి వెళ్తాడు.

ఇక్కడ గమనించండి, ఆమె సాయం తీసుకోవడం లేదు. ఇస్తోంది. అది కూడా ఎన్నో ఏళ్లు మౌనంగా చూడటం వల్ల తనకు మాత్రమే తెలిసిన విషయం. మీ నాయిక కూడా ఇంకెవరూ గమనించని సంగతి ఒకటి గమనించి ఉండాలి. కథ మధ్యలో ఆ సంగతి అవసరం పడాలి.

4. చిన్న పనులతో మొదలుపెట్టండి

పెద్ద పోరాటానికి ముందు హినాటా చేసే పనులు రెండు. చూనిన్ రాతపరీక్షలో నరుటోకు ఒక్క జవాబూ రాదు. పక్కన కూర్చున్న హినాటా తన పేపర్ చూసి రాసుకోమంటుంది. దొరికితే ఆమె జట్టుకూ మార్కులు పోతాయి. రెండోది, కిబాతో పోరాటంలో గెలిచి దెబ్బలతో వస్తున్న నరుటోకు ఆమె ఏమీ అనలేక ఒక చిన్న మందు డబ్బా చేతికిస్తుంది. ఆ తర్వాత ఓడిపోయిన కిబాకూ మందు ఇస్తుంది.

ఆ రెండో డబ్బా చూడండి. అది లేకపోతే ఆమె హీరోను ఇష్టపడే అమ్మాయి మాత్రమే. అది ఉండటం వల్ల ఆమె దెబ్బ తగిలిన ఎవరినైనా పట్టించుకునే మనిషి. ఇంత తేడా ఒకే ఒక్క చిన్న షాట్‌తో వచ్చింది. మీ కథలో కూడా హీరోకు చేసే ప్రతి మంచి పనికీ, హీరో కాని మనిషికి ఒకటి చేయించండి.

నేను ఇక్కడి నుంచి ఒక సొంత ఉదాహరణ కూడా వెంట తీసుకొస్తాను. జపాన్‌లోని ఒక హైస్కూల్. అక్కడి బడుల్లో మధ్యాహ్న భోజన సమయంలో విద్యార్థులే మైకులో కార్యక్రమం నడుపుతారు, ప్రకటనలు చదువుతారు. మన నాయిక ఆ ప్రసార గదిలో రెండో ఏడాది విద్యార్థిని. మైకు ముందు కూర్చునేది ఆమె స్నేహితురాలు. ఈమె వెనక మిక్సర్ దగ్గర ఉంటుంది. గంట మోగించడం, పాట వేయడం, శబ్దాన్ని పెంచి తగ్గించే మీట, ఫేడర్, ఎత్తడం, దించడం. స్నేహితురాలు ఊపిరి పీల్చుకునే క్షణంలో పాట శబ్దం కొద్దిగా పెంచి, ఆమె మాట మొదలుపెట్టేలోపు దించుతుంది. బడిలో ఎవరికీ తెలియని పనితనం అది. ఎవరు ఎప్పుడు ఏ ప్రకటన కాగితం తెచ్చి ఇచ్చారో కూడా ఆమెకు గుర్తుంటుంది. ఇది పైన చెప్పిన ‘చూపు’.

5. మొదటి పెద్ద ఘట్టంలో ఆమెను ఓడించండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే.

పాత అనిమే 46, 47 ఎపిసోడ్‌లు చూడండి. చూనిన్ పరీక్ష ప్రాథమిక పోటీల్లో ఎలక్ట్రానిక్ బోర్డు మీద పడిన పేర్ల ప్రకారం హినాటా ఎదురుగా నేజీ నిలబడతాడు. అతన్ని ఆమె నేజీ అన్నయ్య అని పిలుస్తుంది. చిన్నాన్న కొడుకు అన్నయ్యే కదా, ఆ పిలుపు మన చెవికి వెంటనే తగులుతుంది. అతను ఆమెను హినాటా-సామా అంటాడు. ఉపశాఖవాడు వారసురాలికి ఇవ్వాల్సిన గౌరవం అది. గౌరవంగా పిలుస్తూనే ఆమెను ముక్కలు ముక్కలుగా విరిచేస్తాడు. ఆ ఒక్క పిలుపులో వంశం మొత్తం ఉంది.

నేజీ ముందు చేత్తో కొట్టడు. మాటతో కొడతాడు. నువ్వు మెత్తనిదానివి, గొడవలు నీకు పడవు, నింజావి కాలేవు, మనిషి మారడు అంటాడు. ఆమె చూపు ఎటు కదిలిందో, చేయి పెదవి దగ్గరకు ఎందుకు వెళ్లిందో చదివి చెప్తాడు. ఆమెలాంటి కళ్లే ఆమె మీద ప్రయోగిస్తాడు. హినాటా వణికిపోతుంది. అప్పుడు పైనుంచి నరుటో అరుస్తాడు, ఒకరి సంగతి నువ్వే తేల్చేయడానికి నువ్వెవరు అని. ఆమె చూపు మారుతుంది.

ఇక్కడ ఆగండి. హీరో అరిచాడు కాబట్టి ఆమె మారిందని అనిపిస్తుంది. కానీ తర్వాత జరిగేది చూడాలి. ఆమె దాడికి దిగుతుంది, కొంతసేపు సమానంగా పోరాడుతుంది. కానీ నేజీ ఆమె చేతుల్లో శక్తి పారే బిందువులను ముందే మూసేశాడు. దెబ్బలు తగిలినట్టే తగిలి పనిచేయవు. పడిపోతుంది. లేస్తుంది. రక్తం కక్కుతుంది. మళ్లీ లేస్తుంది. చివర్లో నేజీతో, బాధపడుతున్నది నేను కాదు, ప్రధాన శాఖ, ఉపశాఖ అనే విధిలో చిక్కుకుని నలిగిపోతున్నది నువ్వే అంటుంది. ఆ మాటకు నేజీ ఎంత కోపం తెచ్చుకుంటాడంటే, పోటీ ఆపేశామని చెప్పినా చంపడానికి ఉరుకుతాడు. ముగ్గురు గురువులు, పోటీ నడిపే అధికారి కలిసి అడ్డుపడాల్సి వస్తుంది.

అంటే ఆమె చేత్తో ఓడిపోయింది. చూపుతో గెలిచింది. నేజీ ఆమెను చదివినట్టే ఆమె నేజీని చదివింది, అతను దాచుకున్నదాన్ని బయటపెట్టింది. కథ మొత్తంలో ఆ మాట అనగలిగేది ఆమె ఒక్కతే.

ఈ ఘట్టం నిర్మాణాన్ని మీ కథకు ఇలా తెచ్చుకోండి. ఎదురుగా నిలబడేవాడు ఆమెను బాగా ఎరిగినవాడై ఉండాలి, ఎవరో దారినపోయే విలన్ పనికిరాడు. ఆమె గురించి వాడు చెప్పే మాటల్లో సగం నిజం ఉండాలి. మరొకరి ప్రోత్సాహం ఉండొచ్చు, కానీ అది ఒక్క వాక్యంతో అయిపోవాలి, మిగిలిందంతా ఆమె చేయాలి. పని ఓడిపోవాలి, ఒళ్లో మనసో నిజంగా దెబ్బ తినాలి. ఓడిపోయినా ఒక్క విషయం మాత్రం ఇక వెనక్కి పోకూడదు. హినాటా విషయంలో అది నరుటో. ఆమె రక్తం చేతికి అద్దుకుని నేజీని ఓడిస్తానని పిడికిలి బిగిస్తాడు. ఆమె ఓటమి తర్వాతి కథకు ఇంధనం అయింది.

మా ప్రసార గది అమ్మాయికి వద్దాం. స్కూల్ ఉత్సవంలో ఒక జూనియర్ తరగతి నాటకానికి సమయం రద్దవుతుంది, ఫారం సకాలంలో ఇవ్వలేదని. ఇచ్చారని ఈమెకు తెలుసు, తన చేత్తోనే తీసుకుంది. నిర్ణయం తీసుకున్నది విద్యార్థి సంఘంలో ఉన్న సీనియర్, చిన్నప్పటి నుంచి ఈమె పొరుగింటి అమ్మాయి. ఏడో ఎపిసోడ్‌లో ఈమె ఆ గదికి వెళ్తుంది. సగం మాట చెప్తుంది. ‘నువ్వు ఎప్పుడూ ఎవరో ఒకరి కోసం జాలిపడతావు, రేపు నిన్ను అందరి ముందు అడిగితే చెప్పగలవా?’ అని సీనియర్ ప్రేమగానే అడుగుతుంది. చెప్పలేనని ఈమెకూ తెలుసు. తిరిగొచ్చేస్తుంది. నాటకం పేరు జాబితాలోంచి పోతుంది. ఆ జాబితాను మైకులో చదివేటప్పుడు ఫేడర్ ఎత్తాల్సింది ఈమే. ఎత్తుతుంది. మొదటి ఓటమి అది.

6. నత్తిని చుక్కలతో కాదు, క్రియతో రాయండి

జపనీస్‌లో ‘అ, అనో’ అని తడబడటం వింటూ ఉంటాం. హినాటాకు గొంతిచ్చిన నానా మిజుకి ఆ తడబాటును చాలా సన్నగా, ఊపిరి కలిపి పలుకుతారు. కాగితం మీద ఆ గొంతు ఉండదు కదా. అందుకని చాలామంది ఇలా రాస్తారు:

‘అ… అ… అది… నే… నేను… ఫా… ఫారం…’

చదవడానికి చికాకు. పైగా మనిషి కనిపించదు, చుక్కలే కనిపిస్తాయి.

మనకు ఒక సౌకర్యం ఉంది. జపనీస్‌లో లాగే తెలుగులోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. ధైర్యం లేని మనిషి ఆ చివరిదాకా వెళ్లదు. కర్త, కర్మ చెప్పి క్రియ దగ్గర ఆగిపోతుంది. ఎదుటివాళ్లు ఆ ఖాళీని తమకు అనుకూలంగా పూరించేస్తారు. ఏడో ఎపిసోడ్ సంభాషణ ఇలా ఉంటుంది (సెన్‌పాయ్ అంటే సీనియర్‌ను పిలిచే పిలుపు):

‘సెన్‌పాయ్, ఆ నాటకం ఫారం, అది సోమవారమే మా గదికి…’

‘రాలేదు కదా. నాకు తెలుసు. నీ తప్పేం లేదులే.’

‘కాదు, అంటే, నేను దాన్ని…’

‘వెతికావా? పోనీలే, వెళ్లి భోంచెయ్.’

రెండుసార్లు క్రియ మింగేసింది, రెండుసార్లూ నిజం తలకిందులైంది. తప్పు ఎవరిదో పాఠకుడికి అర్థమవుతుంది, కోపం కూడా వస్తుంది. ఇక పదో ఎపిసోడ్‌లో ఆమె అదే విషయం చెప్పేటప్పుడు ఉపన్యాసం అక్కర్లేదు:

‘ఆ ఫారం సోమవారం వచ్చింది. నేనే తీసుకున్నాను.’

రెండు క్రియలు పూర్తయ్యాయి, అంతే. గొంతు వణకనివ్వండి. చేతులు చల్లబడనివ్వండి. వాక్యం మాత్రం పూర్తికావాలి. ఈ పద్ధతి పట్టుకున్నాక నేను ముందు రాసిన సంభాషణలన్నీ తీసి ఎక్కడ క్రియ ఉంది, ఎక్కడ లేదు అని గుర్తులు పెట్టుకుంటూ చదివాను. పాత్ర ఎదుగుదల పేజీ మీద గీత గీసినట్టు కనిపించింది.

పిలుపులు కూడా లెక్కపెట్టుకుని వాడండి. హినాటా మొదటి నుంచీ నరుటో-కున్ అనే అంటుంది, ‘కున్’ అబ్బాయిల పేరు చివర చేర్చే పిలుపు. తెలుగులో రాసేవాళ్లు నువ్వు, మీరు మధ్య ఎప్పుడు మారాలో ముందే తేల్చుకోవాలి. ఆ మార్పు ఒక్కసారే జరగాలి.

7. ఒక అలవాటు చాలు

చూపుడువేళ్లు రెండూ ఒకదానికొకటి తాకించడం. హినాటాను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది అదే. ఒక్క అలవాటే ఇవ్వండి, చేతులతో చేసేది అయితే మేలు. బొమ్మ గీసేవాళ్లకు, యానిమేషన్ చేసేవాళ్లకు అది పట్టు ఇస్తుంది. తర్వాత ఆ చేతులే ఇంకో పని చేయాలి. హినాటా వేళ్లు ఆడించిన చేతులే యుద్ధంలో నరుటో చెంప మీద కొడతాయి, ఆ తర్వాత అతని చేతిలో ఉంటాయి. మా అమ్మాయి చేయి ఫేడర్ మీద ఉంటుంది.

8. హీరో మీద ఆధారపడని కోరిక ఒకటి ఇవ్వండి

ఇక్కడ నాకు ఈ కథ మీద బాధ ఉంది.

షిప్పూడెన్ మొదట్లో నరుటో ఊరికి తిరిగొచ్చి పలకరిస్తే హినాటా కళ్లు తిరిగి పడిపోతుంది. నేజీ ఎదుట రక్తం కక్కుతూ లేచిన అమ్మాయిని నవ్వు కోసం అలా పడేయడం నాకు నచ్చదు. సిగ్గు ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ సంపాదించుకున్నదాన్ని నవ్వు కోసం లాక్కోకూడదు.

ఆ తర్వాత మాంగా 437వ అధ్యాయం, అనిమేలో షిప్పూడెన్ 166వ ఎపిసోడ్. పెయిన్ అనే శత్రువు చేతిలో నరుటో నేలకు గుచ్చబడి ఉంటాడు. హినాటా అడ్డుగా వస్తుంది. రావద్దు, వాణ్ని నువ్వు గెలవలేవని నరుటో అరుస్తాడు. తెలుసు, ఇది నా స్వార్థం, నా ఇష్టంతోనే ఇక్కడ నిలబడ్డాను అంటుంది. ప్రేమిస్తున్నానని చెప్తుంది. ఓడిపోతానని తెలిసి, ఎవరూ పంపకుండా, వారించినా వినకుండా వచ్చింది. ఐదో మెట్టులో ఒకరి అరుపు కావాల్సి వచ్చింది, ఇక్కడ హీరోయే వద్దంటున్నా నిలబడింది. ఎదుగుదల అంటే ఇది. అనిమేలో ఈ పోరాటాన్ని మాంగాలో కన్నా పొడిగించారు. నాకు ఆ పొడిగింపు నచ్చింది, ఆమె నిర్ణయానికి కాస్త సమయం దొరికింది.

కానీ ఆ మాటకు జవాబు? చాలాకాలం లేదు. ఇద్దరూ దాని గురించి కూర్చుని మాట్లాడుకున్న సన్నివేశం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాం. 614వ అధ్యాయంలో నేజీ చనిపోయాడు. ఇద్దరి పెళ్లికి దారితీసిన కథను 2014 డిసెంబర్‌లో వచ్చిన ‘ది లాస్ట్’ సినిమాలో చెప్పారు. ప్రేమ కథ తీరింది. మరి ప్రధాన శాఖ, ఉపశాఖ గొడవ? ఆ వంశపు వారసురాలిగా హినాటాకే దక్కాల్సిన పోరాటం అది. మాంగా దాన్ని పక్కన పెట్టేసింది. ఆమెకు ఆ పని ఇచ్చి ఉంటే హీరో తెర మీద లేని రోజుల్లోనూ ఆమెకు కథ ఉండేది.

అనిమే పాత భాగంలో, మాంగాలో లేని ఒక చిన్న ఘట్టం ఉంది. 148 నుంచి 151 దాకా, ఒక పురుగు కోసం వెతికే ప్రయాణం. అందులో హినాటా రాత్రిపూట ఒంటరిగా సాధన చేసి, సొంతంగా ఒక రక్షణ విద్య తయారుచేసుకుంటుంది. ఫిల్లర్ అని దాటవేసేవాళ్లు చాలామంది. నేను మాత్రం రాయడం నేర్చుకునేవాళ్లకు ఆ నాలుగు ఎపిసోడ్‌లు చూడమంటాను. ఆమె దగ్గర సొంత పని ఉంటే ఆమె ఎలా కనిపిస్తుందో అక్కడ తెలుస్తుంది.

యాచి కథ ఇందుకు మంచి పోలిక. ఆమెకు ప్రేమ కథే లేదు. వాలీబాల్ క్లబ్‌కు మేనేజర్‌గా చేరాలా వద్దా అన్నదే ప్రశ్న. అరకొర మనసుతో చేరితే ప్రాణం పెట్టి ఆడేవాళ్లను అవమానించినట్టే అని తల్లి అంటుంది. జట్టు ప్రయాణానికి విరాళాల కోసం యాచి ఒక పోస్టర్ గీస్తుంది. ఆ తర్వాత నడివీధిలో తల్లిని ఆపి, నేను మేనేజర్‌ని అవుతానని అరుస్తుంది. కథల్లో అనామక గ్రామస్థురాలి లాంటిదాన్నని తనను తాను అనుకునే పిల్ల, గ్రామస్థులు కూడా పోరాడగలరని అంటుంది. రక్తం లేదు, రాక్షసులు లేరు. ఆమె బెరుకు ఆ తర్వాతా అలాగే ఉంటుంది. అయినా ఆ అమ్మాయి మారిందని మనకు సందేహం రాదు.

మీ నాయికకు ఏం కావాలో హీరో పేరు లేకుండా ఒక వాక్యంలో రాయండి. రాయలేకపోతే మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లండి.

9. ఎపిసోడ్‌ల మీద పరచండి

టీవీ అనిమే ఒక విడతలో 12 లేదా 13 ఎపిసోడ్‌లు ఉంటాయి. ఒక్కోటి ప్రకటనలు పోను సుమారు 24 నిమిషాలు, అందులో మొదటి పాట, చివరి పాట చెరో నిమిషంన్నర. కథకు మిగిలేది 20 నిమిషాల పైచిలుకు. సహనాయికకు అందులో ఒకటి రెండు నిమిషాలు దొరికితే గొప్పే. కాబట్టి ప్రతి ఎపిసోడ్‌లో ఎదగాల్సిన పని లేదు. మా అమ్మాయికి నేను వేసుకున్న లెక్క ఇది: 1లో మాట లేకుండా పనితనం చూపిస్తాను. 3లో జూనియర్ దగ్గర ఫారం తీసుకుంటుంది, ఐదు సెకన్ల షాట్. 4లో ఇంట్లో తమ్ముడితో గలగలా మాట్లాడుతుంది. 7లో ఓడిపోతుంది. 8లో అసలు కనిపించదు, మైకు శబ్దంలో తేడా మాత్రం వినిపిస్తుంది. 10లో నిలబడుతుంది. 12లో ఏం జరిగిందో కింద చెప్తాను.

8లో ఆమెను తీసేయడం కావాలనే చేశాను. స్నేహితురాలు ఊపిరి పీల్చుకునే చోట పాట పెరగదు, ఖాళీగా ఉండిపోతుంది. ఇన్నాళ్లూ ఎవరో చేస్తున్న పని అది అని బడి మొత్తానికి అప్పుడు అర్థమవుతుంది.

10. చివరి ఎపిసోడ్‌లో ఆమెను ఇంకొకరిగా మార్చకండి

నా మొదటి ప్రతిలో 12వ ఎపిసోడ్‌లో ఆమె మైకు ముందు కూర్చుని కార్యక్రమం నడిపింది. జుట్టు కత్తిరించుకుంది, నవ్వుతూ మాట్లాడింది. చదువుతుంటే ఆ అమ్మాయి నాకు పరాయిదానిలా అనిపించింది. మిక్సర్ దగ్గర ఆమెకున్న ప్రేమ ఏమైంది? అది పిరికితనమా? కాదు కదా. రెండో ప్రతిలో మిక్సర్ దగ్గరే ఉంచాను, కానీ ఏమీ జరగలేదు.

మూడో ప్రతి ఇది. మధ్యాహ్నం. రద్దయిన నాటకం మళ్లీ జాబితాలోకి వచ్చింది. ప్రకటన చదవాల్సిన స్నేహితురాలు కాగితం ఈమె వైపు జరుపుతుంది, నువ్వే చదువు అన్నట్టు. ఈమె తల అడ్డంగా ఊపుతుంది. తలుపు దగ్గర నిలబడి ఉన్న జూనియర్‌ని చూస్తుంది. లేచి వెళ్లి ఆ పిల్ల చేయి పట్టుకుని మైకు ముందు కూర్చోబెడుతుంది. ‘నీ నాటకం పేరు నువ్వే చెప్పు. గొంతు ఆగిపోతే నేను పాట పెంచుతాను’ అంటుంది. మళ్లీ తన కుర్చీకి వచ్చి, వేలు ఫేడర్ మీద పెట్టి, ఆ పిల్ల ఊపిరి పీల్చుకోవడం కోసం చూస్తూ కూర్చుంటుంది.